చెప్పకుండా మూసిన తలుపు

మా రోజుల్లో ఉత్తరం మనమే రాసి మనమే పంపుకునేవాళ్లం. గుంటూరు మిర్చి యార్డులో మాది కమిషన్ కొట్టు. సాయంత్రం కాటాలయ్యాక తేజ రకం మిర్చి ఎంత పలికింది, 334 రకం ఎంత, బాడిగ రకం ఎంత, తాలుకాయ ఎంత అని వరసగా టైపు చేసి, కొట్లో మూలనున్న కంప్యూటర్ నుంచే ఈమెయిల్ వదిలేవాణ్ణి. అది నేరుగా అవతలి సర్వర్ తలుపు తట్టేది. అద్దంకిలోనో పర్చూరులోనో రైతు కొడుకు నెట్ సెంటర్‌కు వెళ్లి చూసుకుని, రేపు లారీకి ఎత్తాలా, ఆగాలా అని ఇంట్లో చెప్పేవాడు.

ఒకరోజు ఒక్క మెయిలూ కదల్లేదు. మోడెమ్ మార్చాను, వైర్లు మార్చాను, సాఫ్ట్‌వేర్ తీసి మళ్లీ ఎక్కించాను. మూడు రోజులు. చివరికి నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేస్తే కుర్రాడు తాపీగా అన్నాడు: "25 పోర్టు బ్లాక్ చేశాం సార్, స్పామ్ ఎక్కువైందని."

అలా మూసిన కారణం నాకు తెలియక కాదు. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఈమెయిల్ నియమాల్లో సర్వర్లు ఉత్తరాలు అందుకునే తలుపు ఈ 25వ పోర్టు. తెచ్చినవాడు ఎవడని అడిగే ఏర్పాటు అందులో లేదు. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు యజమానికి తెలియకుండానే రాత్రంతా వేల చెత్త ఉత్తరాలు అక్కడికి తోసేవి. ఉత్తరాలు పంపేవాళ్ల కోసం 587 అనే వేరే తలుపును 1998లోనే పెట్టారు, తర్వాత అక్కడ పేరు, పాస్‌వర్డ్ అడగడం తప్పనిసరి చేశారు. మంచి పనే. ఆ సంగతి మాకో ముక్క చెబితే ఏం పోయేది? బ్రెజిల్ వాళ్లూ 25 మూశారు. ముందు ఖాతాదారుల్ని 587కి మళ్లించి, ఆ తర్వాతే మూశారు.

మా యార్డులో ఒకడు నీళ్లు చల్లిన కాయ తెస్తే వాడి టిక్కీలే, అంటే బస్తాలే, పక్కన పెడతారు. గేటు మూసి ఊరందర్నీ వెనక్కి పంపరు. ఎండాకాలం సెలవులిచ్చినా ముందే చెబుతారు, లారీలు ఊళ్లోనే ఆగుతాయి. టెలిగ్రాఫ్ ఆఫీసులో లైను తెగితే గుమాస్తా మొహం మీదే చెప్పేవాడు, మనం ఇంకో దారి చూసుకునేవాళ్లం. ఇప్పుడు చెప్పే మనిషే లేడు. నెట్ కంపెనీని అడిగితే బిజినెస్ ప్లాన్ తీసుకోండి, స్టాటిక్ ఐపీకి వేరే కట్టండి అంటారు. తప్పు చేయనివాడు తన తలుపు తాను తెరిపించుకోవడానికి డబ్బు కట్టడం ఏం న్యాయం?

ఆ మూడో రోజు తెల్లారకముందే పర్చూరు వైపు నుంచి ఒక కుర్రాడు లారీతో దిగాడు. ముందురోజే ధర పడింది. నేను రాసిన ఆ ముక్క కొట్లోని కంప్యూటర్‌లోనే ఉండిపోయింది.

"రేటు పంపలేదేం బాబాయ్?" అన్నాడు.

పోర్టులూ నంబర్లూ వాడికేం చెప్పను? అరవై టిక్కీలూ కోల్డ్ స్టోరేజీలో దింపించాను. అద్దె నేనే కట్టాను.