పర్స్యూయింగ్: ఒక రెజ్యూమె ఆత్మకథ

రెజ్యూమె రాయడం నేర్పేవాళ్లు మొట్టమొదట చెప్పేది, అందులో ‘నేను’ అన్న మాట ఎక్కడా కనపడకూడదని. ఆ అలవాటు ప్రకారం ఈ ఆత్మకథలోనూ ‘నేను’ ఉండదు. తన సంగతి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా ‘ఈ రెజ్యూమె’ అనే చెప్పుకుంటుంది. పొడవు రెండు పేజీలు. పుట్టింది 2019లో, హైదరాబాద్ హిమాయత్‌నగర్‌లోని ఒక ఆడిట్ ఆఫీసులో, మధ్యాహ్నం భోజనాల వేళ. సొంతదారు తెనాలి అమ్మాయి.

పుట్టుక పెద్ద కథేం కాదు. సీనియర్ రెజ్యూమెని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుని, ఫైలు పేరు మార్చి సేవ్ చేసుకుంది. తండ్రి పేరు, పుట్టినతేదీ, ఫోన్ నంబరు వెంటనే మారాయి. హాబీల దగ్గర ‘క్రికెట్ ఆడటం’ మాత్రం చాలా రోజులు అలాగే ఉండిపోయింది. ఆ సీనియర్ నుంచి వారసత్వంగా వచ్చింది ఇంకోటి ఉంది. విద్యార్హతల పట్టికలో అన్నిటికన్నా పైన, బోల్డ్ అక్షరాల్లో, ‘సీఏ (పర్స్యూయింగ్)’, అంటే ఇంకా చదువుతున్నట్టు. పక్కన సంవత్సరం గడిలో ఒక గీత, మార్కుల గడిలో ఇంకో గీత.

ఆ గీతల వెనక ఉన్న చదువు తక్కువదేం కాదు. ఇంటర్మీడియట్‌లో ఎంఈసీ, ఆ వెంటనే సీఏ ప్రవేశ పరీక్ష సీపీటీ, తర్వాత ఐపీసీసీ రెండు గ్రూపులూ. ఐపీసీసీ అంటే ఇప్పటి లెక్కలో సీఏ ఇంటర్. ఆ పైన మూడేళ్ల ఆర్టికల్‌షిప్. స్టాక్ ఆడిట్ అని పంపితే రైసు మిల్లు గోదాముల్లో బస్తాలు లెక్కపెట్టింది. ఏప్రిల్ వచ్చిందంటే బ్యాంకు బ్రాంచి ఆడిట్లలో రాత్రి దాకా కూర్చుంది. స్టైపెండ్ హాస్టల్ ఫీజుకే చాలేది కాదు. ఇంత చేసినా ఊళ్లో ఎవరైనా అడిగితే వాళ్ల నాన్న చెప్పే మాట ఒక్కటే: ‘మా అమ్మాయి సీఏ అండీ’.

నాన్న అలా చెప్పుకోవచ్చు, కాగితం చెప్పడానికి వీల్లేదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్స్ చట్టం ఆ హోదాని చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ సభ్యులకే ఇచ్చింది. సభ్యులు కానివాళ్లు సభ్యులమని చెప్పుకోవడం, చార్టర్డ్ అకౌంటెంట్ అనే హోదా వాడుకోవడం ఆ చట్టంలోని 24వ సెక్షన్ కింద నేరం. ఫైనల్ పాసైనా సరే, సభ్యత్వం చేతికొచ్చేదాకా పేరు ముందు ఆ రెండక్షరాలు పెట్టుకోకూడదు. అందుకే మధ్యలో ఉన్నవాళ్లంతా బ్రాకెట్టును ఆశ్రయిస్తారు. ఉద్యోగాల పోర్టల్లో రిక్రూటరు ‘సీఏ’ అని వెతికితే బ్రాకెట్టు ఉన్న రెజ్యూమెలు కూడా జాబితాలోకి వస్తాయి. ఆ సౌకర్యం అందరికీ తెలుసు, ఈ రెజ్యూమెకీ తెలుసు.

2020 జనవరిలో ఫలితాలొచ్చాయి. అంతకు ముందు నవంబర్‌లో రాసిన ఫైనల్ గ్రూప్ 1 పాసైంది. ఆ రాత్రి తెనాలిలో స్వీట్లు పంచారు. రెజ్యూమెలో మాత్రం ఒక్క అక్షరం మారలేదు. అంతా అయ్యాక ఒకేసారి మారుద్దాంలే అనుకుంది.

అంతా అవలేదు. 2020 మే పరీక్షలు కోవిడ్ వల్ల రద్దై, నవంబర్ పరీక్షలతో కలిసిపోయాయి. అప్పటికి ఆమె హైటెక్ సిటీలో ఒక కంపెనీ ఫైనాన్స్ టీములో చేరింది. నెలాఖరు క్లోజింగ్ పనులు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు. ఒక్కో పేపర్లో కనీసం 40 రావాలి, గ్రూపు మొత్తమ్మీద 50 శాతం రావాలి. పాసవడానికి రెండు షరతులూ తీరాలి. నవంబర్‌లో గ్రూప్ 2 రాసింది. అందులో అప్పట్లో నాలుగు పేపర్లు. నాలుగింట్లోనూ 40 దాటాయి. మొత్తం కలిపితే 192. కావలసింది 200. ఏ పేపర్లోనైనా 60 వచ్చి ఉంటే ఎగ్జెంప్షన్ దొరికేది, తర్వాతి మూడు అటెంప్టుల్లో ఆ పేపరు మళ్లీ రాసే పని తప్పేది. అదీ రాలేదు.

ఆ తర్వాత పట్టికలో రెండో లైను చేరింది: ‘సీఎఫ్ఏ (పర్స్యూయింగ్)’. సీఎఫ్ఏ అంటే చార్టర్డ్ ఫైనాన్షియల్ అనలిస్ట్. ఆఫీసులో సగం మంది రాస్తున్నారు, తనూ ఫీజు కట్టింది. 2021 జులైలో లెవెల్ 1 రాసింది. ఆసారి ప్రపంచవ్యాప్తంగా పాసైంది 22 శాతమే. మిగతా 78 శాతంలో ఆమె ఒకతె. పట్టుదలగా మళ్లీ కట్టి, 2022 ఫిబ్రవరిలో పాసైంది. ఇంత జరిగినా ఆ లైను మాత్రం చెక్కుచెదరలేదు. పరీక్షకు ముందు ‘పర్స్యూయింగ్’, తప్పినప్పుడు ‘పర్స్యూయింగ్’, పాసయ్యాకా ‘పర్స్యూయింగ్’.

సీఎఫ్ఏ మొదటి పరీక్ష 1963లో జరిగింది. ఇన్నేళ్లుగా ఆ మూడక్షరాలను కాపలా కాయడంలో, ఆ పరీక్ష నడిపే అమెరికా సంస్థ ఎంత పట్టుదలగా ఉంటుందో హైదరాబాద్‌కి బాగా తెలుసు. ఇక్కడ 1984లో పుట్టిన ఇక్ఫాయ్ విద్యాసంస్థకీ, ఆ అమెరికా సంస్థకీ మధ్య ఆ పేరు మీదే ఏళ్ల తరబడి కోర్టు వివాదం నడిచింది. అభ్యర్థులకు సంస్థ పెట్టిన నియమాలూ అంతే కచ్చితం. పేరు పక్కన కామా పెట్టి ‘సీఎఫ్ఏ లెవెల్ 1’ అని డిగ్రీలా తగిలించకూడదు. ‘సీఎఫ్ఏ, ఫలానా సంవత్సరానికి పూర్తి’ అని ముందే తేదీ వేసుకోకూడదు. పరీక్షకు పేరు నమోదై ఉన్నప్పుడే అభ్యర్థినని చెప్పుకోవాలి. పాసైన లెవెల్‌ని పాసైనట్టు రాసుకోవచ్చు. మూడు లెవెళ్లూ దాటినా, కనీసం 36 నెలల మీద 4,000 గంటల అనుభవం చూపించి, సభ్యత్వం తీసుకున్నాకే చార్టరు. పరీక్షలో నైతికత విభాగానికి చదివే స్టాండర్డుల్లోనే ఇదంతా ఉంది. పరీక్ష కోసం బట్టీపట్టినవాళ్లే తమ రెజ్యూమె దగ్గరికొచ్చేసరికి మరిచిపోతారు.

అన్ని పరీక్షలదీ ఒకే తీరు కాదు. ఈ రెజ్యూమె ఇన్‌బాక్సుల్లో తిరిగినప్పుడు పక్కన పడుకున్న ఇతర రెజ్యూమెల్ని చూసింది. యాక్చువరీ వాళ్లలో సగంలో ఉండటం నామోషీ కాదు. ఎన్ని పేపర్లయ్యాయో లెక్క చెబుతారు, చాలా కంపెనీల్లో పేపరుకింతని జీతమూ పెరుగుతుంది. ఏసీసీఏలో 13 పేపర్లు. అన్నీ పాసై అనుభవం లెక్క మిగిలినవాళ్లను ‘అఫిలియేట్’ అంటారు. బ్రిటన్ ఉద్యోగ ప్రకటనల్లో ‘పార్ట్ క్వాలిఫైడ్’ అనేది మామూలు మాటే. అమెరికా సీపీఏలో నాలుగు విభాగాలు. అక్కడ ఒక విభాగం పాసైనా, మిగతావి గడువులోగా పూర్తి చేయకపోతే పాలప్యాకెట్ మీద తేదీ దాటిపోయినట్టే. ఆ గడువు ఏళ్ల తరబడి 18 నెలలుండేది, ఈమధ్య చాలా రాష్ట్రాలు 30 నెలలకు పెంచాయి. అంటే ‘సీపీఏ, రెండు విభాగాలు పూర్తి’ అనే లైను ఈ ఏడాది నిజమై, వచ్చే ఏడాది అబద్ధం కావచ్చు. మన స్టాక్ మార్కెట్ రంగపు ఎన్ఐఎస్ఎం సర్టిఫికెట్లకూ మూడేళ్లే ఆయుష్షు.

మన సీఏలో కూడా మధ్యలో ఆగినవాళ్లకు దారి లేకపోలేదు. ‘సీఏ ఇంటర్’, ‘సెమీ క్వాలిఫైడ్’ కావాలని ప్రకటనలు రోజూ పడుతుంటాయి. ఇంటర్ రెండు గ్రూపులూ పాసై, శిక్షణ పూర్తి చేసి, ఫైనల్ దాటలేనివాళ్ల కోసం 2023 కొత్త పథకంలో ఇన్‌స్టిట్యూట్ ‘బిజినెస్ అకౌంటింగ్ అసోసియేట్’ అనే సర్టిఫికెట్టే పెట్టింది.

ఇప్పుడు అసలు సంగతి. 2022 ఎండాకాలంలో ఈ రెజ్యూమె ఒక ఇంటర్వ్యూ గదిలో బల్ల మీద పడి ఉంది. ఎదురుగా ఫైనాన్స్ కంట్రోలర్, ఆయన సీఏ. అనుభవం సంగతులన్నీ అయ్యాక పెన్సిల్ తీసి, పై లైను కింద గీత గీశారు.

‘‘ఏమ్మా, ఈ పర్స్యూయింగ్ ఎప్పట్నుంచి?’’

‘‘ఫైనల్‌కి 2019 నుంచి సార్.’’

‘‘చివరిసారి ఎప్పుడు రాశావ్?’’

‘‘2020 నవంబర్ సార్.’’

‘‘అంటే రాయట్లేదు.’’

‘‘రాద్దామనే సార్... గ్రూప్ టూ ఒక్కటే ఉంది.’’

పెన్సిల్ ఆగింది. ‘‘గ్రూప్ వన్ అయిపోయిందా? ఎక్కడా రాయలేదేం?’’ కాగితం తిప్పి చూశారు. వెనక పేజీలోనూ లేదు. ‘‘సీఎఫ్ఏ సంగతేంటి, దానికీ కట్టి వదిలేశావా?’’

‘‘లేదు సార్, లెవెల్ వన్ పాసయ్యాను. టూకి ఇంకా కట్టలేదు.’’

ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. రెండు బ్రాకెట్ల చుట్టూ సున్నాలు చుట్టి, పేజీ అడుగున డిక్లరేషన్ చూపించారు. మన దేశపు రెజ్యూమెల్లో ఉంటుందే, పైన రాసినవన్నీ నాకు తెలిసినంతవరకు నిజమని, ఊరు, తేదీ, సంతకంతో. ‘‘దీని కింద సంతకం పెట్టావు కదమ్మా. కట్టని పరీక్షకి చదువుతున్నానన్నావ్, పాసైన పరీక్ష దాచిపెట్టావ్. అబద్ధం ఆడి కూడా నష్టపోయింది నువ్వే!’’

ఈ రెజ్యూమె జీవితంలో విన్న విమర్శల్లో అంత సూటిది లేదు. ‘పర్స్యూయింగ్’ రాసేవాళ్లు ఎక్కువ చెప్పుకుంటున్నామని భ్రమపడతారు. చదివేవాళ్లకు మాత్రం మొన్న ఫీజు కట్టిన పిల్లాడూ, ఎనిమిది మార్కుల్లో తప్పిన అమ్మాయీ, పదేళ్ల కిందట పుస్తకాలు అటకెక్కించిన పెద్దమనిషీ ఆ ఒక్క మాటలో ఒకేలా కనపడతారు. బ్రిటిష్ కాలంలో ‘బి.ఏ. (ఫెయిల్డ్)’ అని రాసుకునేవారట అని పెద్దలు నవ్వుతూ చెబుతుంటారు. నిజానికి అందులో దాపరికం లేదు. ఎక్కడిదాకా వచ్చాడో, ఎక్కడ ఆగాడో ఒక్క ముక్కలో తెలిసిపోతుంది. ఇప్పటి బ్రాకెట్టులో ఆ రెండూ తెలియవు.

పైగా దాచినా దాగేది కాదు. ఆఫర్ లెటర్ వెనకే వెరిఫికేషన్ కంపెనీ నుంచి ఫోనొస్తుంది, మార్కుల మెమోలు అడుగుతారు. ఎవరు సభ్యులో, ఎవరు కాదో మన ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లోనూ, సీఎఫ్ఏ సంస్థ డైరెక్టరీలోనూ ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

ఆమెకు ఆ ఉద్యోగం వచ్చింది. చేరేముందు ఈ రెజ్యూమెని తెరిచి రెండు లైన్లూ తీసేసి, కొత్తగా రాసింది. ఇప్పుడు పట్టికలో ఉన్నవి ఇవి: ‘సీఏ ఇంటర్ (ఐపీసీసీ) రెండు గ్రూపులు, ఉత్తీర్ణత. సీఏ ఫైనల్ గ్రూప్ 1, ఉత్తీర్ణత, నవంబర్ 2019. సీఎఫ్ఏ ప్రోగ్రామ్ లెవెల్ 1, ఉత్తీర్ణత, ఫిబ్రవరి 2022.’ గీతలున్న గడుల్లో సంవత్సరాలొచ్చాయి. గ్రూప్ 2 కి మళ్లీ ఫారం నింపిన రోజున ఆ సంగతి, రాయబోయే అటెంప్టుతో సహా, ఇంకో లైనుగా చేరుతుంది. ప్రస్తుతానికి ఆ లైను లేదు, ఎందుకంటే ఫారం నింపలేదు.

ఈ వారం ఎక్కడికైనా రెజ్యూమె పంపబోతున్నవాళ్లకు ఈ రెజ్యూమె విన్నపం: మీ పట్టికలో బ్రాకెట్టు ఉంటే, రాయబోయే పరీక్ష రిజిస్ట్రేషన్ నంబరు, అటెంప్టు నెల ఇప్పటికిప్పుడు అడిగితే చెప్పగలరేమో చూసుకోండి. చెప్పగలిగితే ఆ రెండూ అక్కడే రాసేయండి. చెప్పలేకపోతే బ్రాకెట్టు తీసేసి, పాసైనంతవరకు రాసి, పంపించండి.