కారణం అడిగిన కాగితం

జిరాక్స్ సెంటర్లో కట్టలో ఉన్నంతకాలం నేనొక మామూలు ఏ-4 కాగితాన్ని. పెళ్ళి బయోడేటా అయ్యేదాన్నో, అద్దె ఒప్పందం నకలు అయ్యేదాన్నో. డిగ్రీ చదివే ఒక పిల్ల నన్ను రెండు రూపాయలకు కొని, నెత్తిన ‘సమాచార హక్కు చట్టం–2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు’ అని రాసింది. అప్పటి నుంచి నాకొక బతుకు వచ్చింది.

రాసింది ఆ పిల్లే అయినా, అడుగుతున్నది ఆమె పక్కింటి పెద్దమ్మ. బీడీలు చుట్టి బతికే మనిషి. భర్త పోయి చాలా కాలమైంది. నెల మొదట్లో బియ్యానికి పోతే డీలరు మిషన్‌లో చూసి, “నీ కార్డు కట్టయిందమ్మా, పైనుంచే పోయింది” అన్నాడట. పైనంటే ఎక్కడో ఆయనకూ తెలియదు. మీసేవలో అడిగితే, “నీకు కారుందని చూపిస్తుంది” అన్నారట.

“ఏమని రాయాలె పెద్దమ్మా?”

“నా కార్డు ఎందుకు తీసేసిండ్రో అడుగు బిడ్డా. గంతే.”

పిల్ల తెలివైనది, ‘ఎందుకు’ అని రాయలేదు. అలా రాస్తే, ఉన్న కాగితాలకు నకళ్ళిస్తాం గానీ ప్రశ్నలకు జవాబులివ్వం అని తిప్పి పంపేస్తారు. అందుకని ఆ ఒక్క ‘ఎందుకు’ను ముక్కలుముక్కలు చేసి నా మీద పేర్చింది. కార్డు రద్దు చేసిన ఉత్తర్వు నకలు. రద్దుకు ముందు ఇచ్చిన నోటీసు నకలు. ఇంటికొచ్చి విచారణ చేసిన అధికారి నివేదిక. ఏయే శాఖల రికార్డులతో పోల్చి చూశారో ఆ జాబితా. ఆ పోల్చే సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీతో ఒప్పందం నకలు.

విచిత్రమేమిటంటే, ఆ ‘ఎందుకు’ను అసలు అడగాల్సిన పనే లేదు. ఏ నిర్ణయమైనా తీసుకుంటే, దానివల్ల దెబ్బతిన్నవాళ్ళకు కారణాలు తనంతట తానే చెప్పాలని అదే చట్టంలోని సెక్షన్ 4(1)(డి) ఆఫీసుకు విధి పెట్టింది. నేను పుట్టాల్సి రావడమే ఆ సెక్షన్ అమలు కాలేదనడానికి సాక్ష్యం.

నా ఎడమ మూలకు పది రూపాయల పోస్టల్ ఆర్డరు గుచ్చారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఈ ఫీజు లేదు. కానీ దిగువన ఉన్నట్టు రుజువేది? మన దగ్గర తెల్ల కార్డే. అది పోయింది కనుకే ఈ అర్జీ. కార్డు ఎందుకు పోయిందో తెలుసుకోవాలంటే ముందు కార్డు లేనిదానిగా డబ్బు కట్టాలి! ఈ పేచీ కంప్యూటర్ పెట్టింది కాదు లెండి. మనుషులు రాసుకున్న రూల్సే.

ఆఫీసులో నాకు టప్పాల్ ముద్ర పడింది, ఇన్‌వార్డు నంబరు వచ్చింది. నన్ను చదివిన సీనియర్ అసిస్టెంట్ చెడ్డవాడేమీ కాదు. తన లాగిన్ తెరిచి ఆమె కార్డు నంబరు కొట్టి చూశాడు. తెరమీద ‘అనర్హులు’ అన్న మాట, పక్కన ఒక కోడు. ఇంకేమీ లేదు. “మాకే తెల్వది, ఈమెకేం చెప్పాలె” అని పక్క సీటాయనతో అన్నాడు. అంతదాకా నా జవాబును ఎవరో దాచిపెట్టారనుకున్నాను. దాచడానికైనా ఆ గదిలో అది ఉండాలి కదా. సంతకం పెట్టిన చేయి ఉంటే బతిమాలవచ్చు, నిలదీయవచ్చు. ఇక్కడ ఎవరూ సంతకం పెట్టలేదు.

ఐదు రోజుల్లోగా సంబంధిత శాఖకు బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతుంది. నన్ను సాంకేతిక విభాగానికి పంపారు. అక్కడి బీరువాలో విన్న కబుర్లతోనే నా చదువు సాగింది.

2014 ఆగస్టు 19న తెలంగాణ అంతటా ఒకే రోజు సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. ఆ రోజు ఇంటికి మనిషి వచ్చాడు, గుమ్మంలో కూర్చుని అడిగి రాసుకున్నాడు. ఆ తర్వాత వచ్చిన ‘సమగ్ర వేదిక’ అనే సర్కారు సాఫ్ట్‌వేర్ ఎవరి గుమ్మమూ తొక్కదు. రవాణా శాఖలో బండ్లు, కరెంటు మీటర్లు, ఆస్తిపన్ను, భూములు, ఇలా ఒక్కో శాఖ దగ్గర విడివిడిగా ఉన్న రికార్డులను తెచ్చి, పేరూ చిరునామా పోల్చి, ఈ ఇద్దరూ ఒకే మనిషి అని తేలుస్తుంది. ఆ మనిషికి కారుందని తేలితే సర్కారు బియ్యానికి అర్హత పోయినట్టే.

మన పేర్లు ఇంగ్లీషులోకి ఎక్కే తీరు ఎరిగినవాళ్ళకు ఇందులో ప్రమాదం ఎక్కడుందో విప్పి చెప్పక్కర్లేదు. ఒకే వెంకటయ్యను ఓటరు జాబితా ఒక స్పెల్లింగుతో రాస్తుంది, కరెంటు బిల్లు మరొక స్పెల్లింగుతో రాస్తుంది. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఇంకోచోట ఒక్క పొడి అక్షరంగా ఉంటుంది. తేడాలున్నా ఒకే మనిషిని పట్టుకోవాలంటే యంత్రం కాస్త చూసీచూడనట్టు పోవాలి. అలా పోయినప్పుడే ఇద్దరు మనుషులు ఒక్కరైపోతారు. ఎంత పోలిక ఉంటే ఒక్కరని తీర్మానించాలి? ఆ గీత ఎవరు గీశారు? నా మీదున్న ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి చేరేది అక్కడికే.

హైదరాబాద్‌లో రిక్షా తొక్కి బతికి, చనిపోయిన ఒకాయనను, పేరులో పోలికున్న మరొకరి కారుకు యజమానిని చేసి ఆయన భార్యకు బియ్యం ఆపిన సంగతి 2024 జనవరిలో అల్ జజీరా కథనంలో వచ్చింది. ఆ విలేకరులు సమాచార హక్కు కిందే సోర్స్ కోడ్ అడిగితే, కంపెనీ హక్కుల పేరు చెప్పి ఇవ్వలేదు. 2016 నుంచి తెలంగాణలో రద్దయిన కార్డులు దాదాపు 19 లక్షలని, వాటిని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ వేసిన కేసది. ఆ 19 లక్షలూ యంత్రం తప్పులేనని నేననను. అనర్హులూ ఉంటారు. ఎవరు ఏ లెక్కన పోయారో తెలిస్తే కదా ఏదైనా అనడానికి.

ఆంధ్రప్రదేశ్‌లో సంక్షేమ పథకాల అర్హతకు ఆరంచెల పరిశీలన పెట్టినప్పుడు కనీసం రూలు అందరి నోటా ఆడింది. నెలకు మూడు వందల యూనిట్లు దాటితే పథకం పోతుందని ఊళ్ళో ముసలమ్మ కూడా చెప్పగలిగేది. ఎవరిదో మీటరు తన ఆధార్‌కు అంటుకుంటే, ఆ మీటరే చూపించి కొట్లాడటానికి దారి ఉండేది. రూలు తెలియడం చిన్న సంగతేం కాదు.

నా వెనకాల ఆ పిల్ల ఒక ప్రింటు కాగితం జత చేసింది. ఆఫీసు వాళ్ళెవరూ దాన్ని తిప్పి చూడలేదు గానీ, ఒకే పిన్నుకు వేలాడుతూ మేమిద్దరం స్నేహితులమయ్యాం. 2020 సెప్టెంబరులో ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ నగరాలు తాము వాడే అల్గారిథమ్‌ల పట్టికను జనం ముందు పెట్టాయట. ఆమ్‌స్టర్‌డామ్‌లో వీధి పార్కింగు చోట్లు లక్షన్నరకు పైనే. కెమెరాలున్న కారు తిరుగుతూ నంబరు ప్లేట్లు చదువుతుంది. డబ్బు కట్టని బండి తగిలితే ముందు ఒక మనిషి ఫొటో చూస్తాడు, బండి సామాను దించడానికి ఆగిందేమో అని. ఆ తర్వాతే జరిమానా. ఇవన్నీ ఆ పట్టికలో ఎవరైనా చదువుకోవచ్చు. నాకు ఈర్ష్య కలిగింది. అక్కడ కార్లకున్న పాటి విచారణ ఇక్కడ కార్డులకు లేదు. అయితే పట్టిక పెట్టినంత మాత్రాన ఆ దేశం పుణ్యభూమి అయిపోలేదు. పిల్లల సంరక్షణ భత్యాల్లో వేలాది మంది తల్లిదండ్రులను మోసగాళ్ళుగా లెక్కకట్టిన వ్యవహారంలో 2021 జనవరిలో నెదర్లాండ్స్ మంత్రివర్గమే రాజీనామా చేసింది.

ముప్పై రోజుల గడువు దాటాక నాకు జవాబు వచ్చింది. ఉత్తర్వు నకలు: ‘లభ్యం కాదు’. నోటీసు: ‘లభ్యం కాదు’. విచారణ నివేదిక: ‘లభ్యం కాదు’. ఒప్పందం: సెక్షన్ 8(1)(డి), వాణిజ్య రహస్యం. చట్టంలో ‘సమాచారం’ అంటే ఏమిటో చెప్పే జాబితాలో ఒప్పందాలు పేరుతో సహా ఉన్నాయి. రహస్యమైన ముక్క తీసేసి మిగతాది ఇవ్వవచ్చని పదో సెక్షన్ ఉంది. ఇవన్నీ రాసి పిల్ల మొదటి అప్పీలు వేసింది. నేను దానికి అనుబంధం–1 అయ్యాను.

అప్పీలు విచారణకు వచ్చేసరికి ఒక ఉద్యోగి బస్తీకి వెళ్ళాడు. రేకుల ఇల్లు చూశాడు, బీడీల చాట చూశాడు. కార్డు తిరిగొచ్చింది. “కార్డు వచ్చె గదమ్మా, ఇంకేం కావాలె? తృప్తి చెందినట్టు సంతకం పెట్టు” అన్నారు అప్పీలు వినే సారు, మర్యాదగానే.

“కార్డొచ్చింది సారూ, నీ దయ. ఆ కారు నా పేరు మీదికెళ్ళి తీసిండ్రా?”

సారు పక్కాయన వైపు చూశారు. పక్కాయన ఫైలు వైపు చూశాడు.

“మళ్ళ ఏడాదికి మిషన్ చూస్తది. మళ్ళ కారు కనవడ్తది. మళ్ళ నేను పోస్టాఫీసుకు పోవాలె,” అంది ఆమె. సంతకం పెట్టలేదు.

పిల్ల ఇంకో ఏ-4 కొని రెండో దరఖాస్తు రాసింది. ఈసారి తెల్ల కార్డు నకలు జత చేశారు కనుక ఫీజు లేదు. ప్రశ్న ఒక్కటే: నా పేరుకు కలిపిన కారు రిజిస్ట్రేషన్ నంబరు ఇవ్వగలరు. జవాబు ఈమారు గడువులోపే వచ్చింది. ఆ కారు వేరొకరిదని, వాళ్ళ వ్యక్తిగత సమాచారం ఆమెకు ఇవ్వడం కుదరదని, సెక్షన్ 8(1)(జె) అని రాశారు.

పిల్ల చదివి వినిపించింది. పెద్దమ్మ చాటలో ఆకు కత్తిరించడం ఆపి, “మరి నాది కాదని రాసిచ్చిండ్రు గద! గా కాయిదం జాగ్రత్తగ పెట్టు బిడ్డా” అంది. ఇప్పుడది అనుబంధం–2. మేమిద్దరం రెండో అప్పీలుతో రిజిస్టరు పోస్టులో వెళ్తున్నాం.