ట్రాముకు ఉరి, వేగానికి బెయిలు

కలకత్తాలో ఈ మధ్య రోడ్డు నేరాలకు పడ్డ శిక్షల్లోకెల్లా పెద్దది ట్రాముకు పడింది. చేసిన నేరం, నెమ్మదిగా వెళ్ళడం.

1902 మార్చి 27న ఈ నగరంలో మొదటి కరెంటు ట్రాము ఎస్‌ప్లనేడ్‌లో బయల్దేరి వచ్చి చేరింది ఏక్‌బాల్‌పూర్ అనే పేటను ఆనుకుని ఉన్న ఖిదిర్‌పూర్‌కే. (మద్రాసుకు 1895లోనే వచ్చింది లెండి. ఆ గొప్ప మన దక్షిణాదికే ఉండనీండి.) నూరేళ్ళు దాటినా ఆ దారిన మైదానం పచ్చిక పక్కగా గంట కొట్టుకుంటూ తిరిగింది. 2020 మే నెలలో అంఫాన్ తుఫానుకు తీగలు తెగి, చెట్లు కూలి ఆగిపోయింది, మళ్ళీ కదల్లేదు. 2024 సెప్టెంబరులో రాష్ట్ర రవాణా మంత్రి మొత్తం ట్రాము జాతికే తీర్పు చదివారు. రోడ్లు ఇరుకు, ట్రాములు నిదానం, వెనకున్న బళ్ళన్నీ ఆగిపోతున్నాయి. కనుక ఎస్‌ప్లనేడ్‌కూ మైదానానికీ మధ్య ఒక్క ముక్క వారసత్వంగా ఉంచి మిగతావి ఆపేస్తామన్నారు.

ముద్దాయి మచ్చలేనిదని నేననను. 1954లో మహాకవి జీవనానంద దాస్‌ను పొట్టన పెట్టుకున్నది ట్రామే. కానీ ఎంత కోపమొచ్చినా పట్టాలు దిగి ఫుట్‌పాత్ ఎక్కి, టీకొట్టు ముందు నిలబడ్డవాణ్ణి వెతుక్కుంటూ పోలేదు పాపం. ఆ నైపుణ్యం ఉన్న బళ్ళు వేరే ఉన్నాయి. వాటికి ఏ తీర్పూ లేదు. దారి ఖాళీ చేయించి ఇచ్చారు.

ఆ బళ్ళ దారుల్లో ఒకటి డైమండ్ హార్బర్ రోడ్డు. ఖిదిర్‌పూర్ దగ్గర మొదలై ఏక్‌బాల్‌పూర్, మోమిన్‌పూర్, మాఝేర్‌హాట్, తారాతలా, బెహాలా మీదుగా దక్షిణానికి పోతుంది. పగలు ఇక్కడ వేగంగా పోవడం దేవుడి తరం కాదు. రేవు నుంచి వచ్చే లారీలు, చేతిబళ్ళు, ఆటోలు, మధ్యలో గొడుగుతో రోడ్డు దాటే ముసలమ్మ. బస్సులు మాత్రం ఆ కిక్కిరిసిన చోటే పందెం వేస్తాయి. డ్రైవరుకూ కండక్టరుకూ టిక్కెట్ల మీద కమిషను గనక, ముందు స్టాపులో నిలబడ్డ నలుగురూ వాళ్ళకు నాలుగు నోట్లలా కనిపిస్తారు. రాత్రి పదకొండు దాటాక సభ మారుతుంది. అప్పుడొస్తాడు మన కథానాయకుడు. బండి ఒకటి, మనుషులు ముగ్గురు, హెల్మెట్ ఒకటి. ఆ ఒక్కటీ మోచేతికి వేలాడుతూ ఉంటుంది. మోచేతులు విరిగితే కష్టం, తలదేముంది, లోపల పోయేది పెద్దగా లేదని లెక్క కాబోలు.

2016 జులైలో ముఖ్యమంత్రి 'సేఫ్ డ్రైవ్, సేవ్ లైఫ్' అని ఉద్యమం మొదలుపెట్టారు. హెల్మెట్ లేకపోతే పెట్రోలు పోయొద్దని పంపులకు ఉత్తర్వు కూడా వచ్చింది. దాంతో హెల్మెట్ అనేది పెట్రోలు తాగేటప్పుడు మాత్రమే పెట్టుకునే మడిబట్ట అయింది. నినాదం బోర్డులు ఇప్పటికీ ఉన్నాయి. వాటి పక్కనుంచి ఎనభైలో పోయేవాడికి అక్షరాలు కూడబలుక్కునే తీరికెక్కడిది?

అయ్యా వేగరాయా, తమరి లెక్క ఒక్కసారి చూద్దాం. ఖిదిర్‌పూర్ కూడలి నుంచి మాఝేర్‌హాట్ వంతెన దాకా మూడు కిలోమీటర్లు అనుకుందాం. గంటకు నలభైలో వెళ్తే నాలుగున్నర నిమిషాలు. ఎనభైలో వెళ్తే రెండుంపావు. మిగిలింది రెండుంపావు నిమిషాలు. ఈ మహా సంపదను తమరేం చేస్తున్నారో కూడా చూశాం. వంతెన దగ్గర బండి ఆపి, మట్టి కప్పులో టీ తాగుతూ గంటన్నర కబుర్లు. 'ఆలస్యం అమృతం విషం' అన్నారు పెద్దలు, నిజమే. ఆ మాట టీ చల్లారిపోతుందని అన్నది కాదనుకుంటాను.

ఖర్చు వైపు చూద్దాం. నలభైలో బండి సెకనుకు పదకొండు మీటర్లు పోతుంది, ఎనభైలో ఇరవై రెండు. ఎదుట మనిషిని చూసి, బ్రేకు తొక్కాలని బుద్ధి పుట్టేసరికే ఒక సెకను. ఆ సెకనులో తమరు ఆరేడు దుకాణాలు దాటి ఉంటారు. ఆ తర్వాత బ్రేకు పట్టినా, వేగం రెట్టింపయితే ఆగడానికి పట్టే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. గుద్దుడులో ఉండే శక్తీ నాలుగింతలే. కారు వేగం యాభై నుంచి అరవై అయిదుకు పెరిగితే, అది గుద్దిన పాదచారి చనిపోయే ముప్పు నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పదిహేను అంకెలు పెరిగినందుకు! ఏ చిట్‌ఫండూ ఇవ్వని వడ్డీ.

ఆ వడ్డీ వసూలుకు ఏక్‌బాల్‌పూర్‌ను మించిన చోటు లేదు. పెద్ద ఆసుపత్రులు ఈ రోడ్డు మీదే ఉన్నాయి. కాంటాపుకుర్ పోలీసు మార్చురీ దగ్గర్లోనే, సోలా ఆనా శ్మశానవాటిక ఇక్కడే. కేసు నడవడానికి అలీపూర్ కోర్టు పెద్ద దూరం కాదు. ఆ పక్కనే అలీపూర్ సెంట్రల్ జైలు కూడా ఉండేది. 2022లో దాన్ని మ్యూజియం చేశారు. టిక్కెట్టు కొనుక్కుని చూసి రావచ్చు.

చట్టం లేదని ఎవరన్నారు? ధరల పట్టికతో సహా నిక్షేపంగా ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, చిన్న బండి పరిమితి దాటితే వెయ్యి నుంచి రెండు వేలు, లారీ, బస్సులకు రెండు నుంచి నాలుగు వేలు. ప్రమాదకరంగా నడిపితే అయిదు వేల దాకా జరిమానా, లేదా ఏడాది దాకా జైలు. రోడ్డును పందెం బరి చేస్తే అయిదు వేలు, లేదా మూడు నెలలు. మైనరు కొడుకు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పుత్రరత్నానికి ఇరవై అయిదేళ్ళు నిండేదాకా లైసెన్సు లేదు. ఇంటర్ పాసయ్యాడని బైకు కొనిపెట్టే మన తెలుగు తండ్రులు ఈ ఒక్క వాక్యం ఇంకోసారి చదువుకోవచ్చు. 2019 సెప్టెంబరు 1న ఈ రేట్లు అమల్లోకి వస్తుంటే, జనం మీద మరీ భారమని బెంగాల్ ప్రభుత్వం అప్పటికి వద్దంది. జనమంటే బండి మీద ఉన్న జనమని అర్థం చేసుకోవాలి. బండి కింద ఉన్నవాళ్ళ భారం సంగతి వేరు.

ప్రాణమే పోతే? పాత శిక్షాస్మృతి 304ఎ కింద రెండేళ్ళ దాకా ఉండేది. 2024 జులై 1న వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను దాన్ని అయిదేళ్ళకు పెంచింది. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా అని రెండో ఉపసెక్షను రాశారు. ఆ జనవరిలోనే లారీ డ్రైవర్లు సమ్మెకు దిగారు. ఆగితే జనం కొట్టి చంపుతారు, పారిపోతే చట్టం పదేళ్ళు లోపలేస్తుంది, మేమేం చేయాలని వాళ్ళు అడిగింది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు దొరక్క కాబోలు, సంహిత మొత్తం అమల్లోకి తెచ్చి ఆ ఒక్క ఉపసెక్షనును మాత్రం పక్కన పెట్టారు. పారిపోయిన బండి ఏదో తేలకపోతే చనిపోయినవాడి కుటుంబానికి ప్రభుత్వమిచ్చేది రెండు లక్షలు. మన కథానాయకుడు కలలు కనే స్పోర్ట్స్ బైకు ఖరీదూ ఇంచుమించు అంతే. బండికి బండి, మనిషికి బండి.

కలకత్తా బస్సులో ఆడవాళ్ళు దిగేటప్పుడు కండక్టరు 'ఆస్తే, లేడీస్!' అని అరుస్తాడు. ఆస్తే అంటే నెమ్మదిగా అని. ఈ నగరంలో డ్రైవర్లు నిజంగా లెక్కచేసే వేగపరిమితి అదొక్కటే. మన చెవికి ఆ మాట ఆస్తిలా వినిపిస్తుంది. వినిపించినదాంట్లో తప్పులేదు. ఆస్తి ఉన్నవాడికి ఆస్తే అక్కర్లేదు.

2019 ఆగస్టు 17, వానరాత్రి. షేక్స్‌పియర్ సరణిలో ఒక జాగ్వార్ దూసుకొచ్చి మెర్సిడెస్‌ను గుద్ది, పోలీసు కియోస్కు దగ్గర తలదాచుకున్న ఇద్దరు బంగ్లాదేశీయుల్ని చంపింది. మొదట అరెస్టయింది అన్నదమ్ముల్లో తమ్ముడు. ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్న కారులోంచి దిగినవాడి ఒంటి మీద అలాంటి గాయాల్లేవేమని పోలీసులు కూపీ లాగి, నడిపింది అన్నగారని తేల్చారు. అన్నగారు అప్పటికి దుబాయి వెళ్ళి వచ్చారు కూడా. అన్న పాదుకలు నెత్తిన పెట్టుకున్న భరతుణ్ణి మనం యుగాలుగా పొగుడుతున్నాం. అన్న స్టీరింగు నెత్తిన పెట్టుకున్న ఈ తమ్ముడి సంగతి ఏ కవికీ పట్టలేదు. అంతకు మూడేళ్ళ ముందు, 2016 జనవరి 13 తెల్లవారుజామున, రెడ్ రోడ్డులో గణతంత్ర దినోత్సవ కవాతు రిహార్సల్ జరుగుతుంటే ఒక ఆడి కారు బారికేడ్లు దాటుకుని వచ్చి వైమానిక దళ కార్పొరల్‌ను పొట్టన పెట్టుకుంది. సైన్యం కవాతు చేసే రోడ్డు మీద సైనికుడికే దిక్కులేకపోతే, ఏక్‌బాల్‌పూర్ లేన్‌లో పాలప్యాకెట్టుకు బయల్దేరినవాడు ఏ ధైర్యంతో చెప్పులేసుకోవాలి?

ఒక్క కలకత్తాను అని ఏం లాభం? 2016 జులై 1న హైదరాబాదు పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు డివైడరు ఎగిరి అవతలి కారు మీద పడింది. బడి నుంచి వస్తున్న పసిపిల్లతో పాటు ఆ ఇంట్లో ముగ్గురు పోయారు. 2024 మే 19న పుణేలో పోర్షే నడిపి ఇద్దరు ఇంజనీర్లను చంపాడన్న మైనరుకు, పదిహేను గంటల్లో బెయిలిస్తూ పెట్టిన షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 మాటల వ్యాసం రాయమని. దేశమంతా గోల చేస్తే తర్వాత మార్చారనుకోండి. నేనిప్పుడు రాస్తున్నది దానికి సుమారు మూడింతలు. నా మీద ఏ కేసూ లేదు. మూడు వందల మాటలకు ఇద్దరి చొప్పున ఆరుగురిని ముందే జమ కట్టుకున్నట్టు కాదు కదా?

2022లో దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది. అందులో అతివేగం ఖాతాలో పడ్డవాళ్ళు 1,19,904. ఈ అంకెలు కేంద్ర రవాణా శాఖవే.

2023 ఆగస్టు 4 ఉదయం, ఇదే డైమండ్ హార్బర్ రోడ్డు మీద, బెహాలా చౌరస్తా దగ్గర, తండ్రితో బడికి వెళ్తున్న రెండో తరగతి పిల్లవాణ్ణి లారీ తొక్కేసింది. జనం పోలీసు బండి తగలబెట్టారు. ఆ తర్వాతే బారికేడ్లు వచ్చాయి, రోడ్డు దాటించే పోలీసులు వచ్చారు. అక్కడ వ్యంగ్యం ఏమీ దొరకదు, వెతికి చూశాను.

ట్రాము సంగతికి వద్దాం. బళ్ళు పోయినా ఇంకా చాలా చోట్ల పట్టాలు రోడ్డులోనే ఉన్నాయి. వాన పడితే వాటి మీద బైకులు జారుతున్నాయట. అంత వేగంగా వస్తుంటే పట్టాలు అడ్డమొచ్చి పడేస్తున్నాయని ఫిర్యాదు. అందుకని చాలా చోట్ల తారు పోసి పూడుస్తూ వచ్చారు. ముద్దాయి చనిపోయాక కూడా దాని మీద కొత్త కేసు నడుస్తూనే ఉంది.