పగటి నిడివిని పట్టించుకోని జన్యువు ఆత్మకథ

ఈ ఆత్మకథ ఒక గోధుమ జన్యువుది. అయినా ఉత్తమ పురుషలో చెప్పుకొనే హక్కు దానికి పూర్తిగా లేదు, ఎందుకంటే రొట్టె గోధుమలో మూడు వేర్వేరు గడ్డిజాతుల వారసత్వం ఒకే కణంలో కలిసి ఉండటంవల్ల దాదాపు ప్రతి జన్యువుకూ మరి రెండు ప్రతిరూపాలు ఉంటాయి, ఒకటి చెప్పుకొనే మాట మిగిలిన రెండింటికీ కొంతవరకు చెందుతుంది. ఏ, బీ, డీ అనే మూడు సముదాయాలుగా ఉన్న 42 క్రోమోసోములలో, డీ సముదాయపు రెండవ క్రోమోసోము పొట్టి భుజం దీని నివాసం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు పీపీడీ-డీ1. దీప్తికాలానికి, అంటే ఒక రోజులో వెలుగు ఉండే వ్యవధికి, మొక్క స్పందించే తీరును ఇది నియంత్రిస్తుంది. ఒకే జన్యువుకు ఉండే భిన్నరూపాలను యుగ్మవికల్పాలంటారు. వాటిలో పేరు చివర ‘ఏ’ తగిలించుకున్న రూపానిదే ఈ కథ.

దాని పూర్వరూపం జాగ్రత్త గల జన్యువు. గోధుమ దీర్ఘ దీప్తికాల మొక్క కనుక పగలు పొడవయ్యేదాకా వెన్ను తీయడానికి తొందరపడదు. శీతాకాలం నడుమ నాలుగు రోజులు వెచ్చబడినంత మాత్రాన మోసపోయి పూతకు వస్తే మంచు ఆ పూతను కాల్చివేస్తుంది. అందుకే మూలరూపం పగటి వేళ చురుకుగా పనిచేసి, రాత్రి అణగి ఉంటుంది. ‘ఏ’ రూపానికి జన్మనిచ్చినది ఈ లయను చెరిపివేసిన ఒక నష్టం: జన్యువుకు ముందుండే నియంత్రణ భాగంలో 2,089 క్షార జంటల పొడవున్న ముక్క ఊడిపోయింది. ప్రొటీను నిర్మాణం చెక్కుచెదరలేదు, దానిని ఏ వేళలో తయారుచేయాలో చెప్పే భాగం మాత్రం పోయింది. దానితో ఆ జన్యువు చీకటిలోనూ పనిచేస్తూ, చిన్న పగళ్ళలో సైతం ఎఫ్‌టీ అనే ప్రొటీనును ఆకులలో పుట్టిస్తుంది. ఆ ప్రొటీను కాండపు కొనకు చేరి, అంతవరకు ఆకులను పుట్టిస్తున్న అగ్రభాగాన్ని వెన్నును పుట్టించే పనికి మళ్ళిస్తుంది. ఇంగ్లండులోని జాన్ ఇన్స్ సెంటర్ పరిశోధకులు ఈ లోపాన్ని 2007లో వెల్లడించేవరకు, ఆ జన్యువు తన గుర్తింపు తనలో ఉన్నదానిలో కాక లేనిదానిలో ఉన్నదని చెప్పుకోవడానికి ఆధారమే లేకపోయింది.

అయితే పూత విషయంలో తానొక్కటే కర్తనని అది చెప్పుకుంటే అతిశయోక్తి అవుతుంది. శీతాకాలపు గోధుమలు కొన్ని వారాలపాటు చలిని అనుభవిస్తేనే పూతకు సిద్ధపడతాయి. వెర్నలైజేషన్ అనే ఈ అవసరాన్ని వీఆర్ఎన్ జన్యువులు చూసుకుంటాయి, వాటి షరతు తీరనిదే దీప్తికాల జన్యువు ఎంత తొందరపడినా ఫలితం తక్కువ.

ఈ రూపం ప్రపంచయాత్రకు బయలుదేరినది అకకొముగి అనే జపాను గోధుమ రకంలో. ఆ మొక్క పొట్టిది, త్వరగా వెన్ను తీసేది, అంతకుమించి ఇటలీ రైతుకు పనికివచ్చే సుగుణాలు పెద్దగా లేనిది. ఇటలీ గోధుమ ప్రజననకారుడు నజరేనో స్త్రాంపెల్లి దానిని ఎంచుకోవడానికి కారణం ఆయన పనిచేసిన రియేటి ప్రాంతపు బాధలే: స్థానిక గోధుమ కుంకుమ తెగులును తట్టుకొనేది గాని, ఎత్తుగా పెరిగి, ఎరువు వేస్తే పడిపోయేది, గింజ పాలుపోసుకొనే సమయానికి వేసవి వేడిలో చిక్కుకొనేది. రియేటి రకాన్ని ఆయన విల్హెల్మినా టార్వే అనే డచ్చి గోధుమతో సంకరపరచి, ఆ సంతతిని 1913లో అకకొముగితో కలిపాడు. ఆర్దీతో, మెంతానా వంటి రకాలు ఆ సంకరణాల నుంచే వచ్చాయి. మొక్కను పొట్టిగా ఉంచే ఆర్‌హెచ్‌టీ8 అనే జన్యువు కూడా అదే క్రోమోసోము అదే భుజం మీద ఉండటంవల్ల రెండూ తరచు జంటగానే తరువాతి తరాలకు వెళ్ళాయి. పొట్టితనం కంటికి కనబడే గుణం కనుక పేరు దానికే ఎక్కువ దక్కింది. వేడి ముదరకముందే పంటను ఇంటికి చేర్చిన ఘనతలో తనకూ సగం వాటా రావాలని ఈ జన్యువు కోరితే కాదనడం కష్టం. 1925లో ముస్సోలిని ప్రభుత్వం ప్రారంభించిన ధాన్యోద్యమం ఈ విత్తనాలనే ఆశ్రయించి, వాటి ప్రతిష్ఠను తన ఖాతాలో వేసుకొన్నది.

మెంతానా చైనా చేరి నాన్దా 2419 అనే రకమైంది. మెక్సికోలో గోధుమ ప్రజననకారుడు నార్మన్ బోర్లాగ్ మెంతానాను కెన్యా గోధుమతో కలిపి కెంతానాను రూపొందించాడు. ఆయన ఒకే సంవత్సరంలో రెండు పంటలు తీయడానికి, సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న సొనోరాలో ఒక తరాన్ని, దక్షిణాన 2,600 మీటర్ల ఎత్తున ఉన్న తొలూకాలో మరొక తరాన్ని పండించాడు; ఆశించినది కాలం ఆదా కావడం, కాని పగటి నిడివి ఒకచోట పెరుగుతూ, మరొకచోట తరుగుతూ ఉండటంవల్ల, దానిని లెక్కచేసే మొక్కలు వాటంతట అవే వెనుకబడి, లెక్కచేయనివి మిగిలాయి. ఈ జన్యువు ఏమిటో ఎవరికీ తెలియకుండానే దాన్ని ఎంపిక చేసినది ఆ రాకపోకలే. 1966లో భారతదేశం దిగుమతి చేసుకొన్న 18,000 టన్నుల మెక్సికో గోధుమ విత్తనంతో దీప్తికాలాన్ని పట్టించుకోని ఆ గుణం ఇక్కడికీ వచ్చింది. నవంబరులో విత్తి, ఏప్రిల్ వడగాలికి ముందే కోయవలసిన పంజాబు రబీ పొలాలలో, పగలు పొడవయ్యేదాకా ఆగే మొక్క కంటే ఆగని మొక్కే గింజను నిండుగా నింపుకోగలదు.

ఇంగ్లండులో మాత్రం ఈ జన్యురూపానికి ఆదరణ దక్కలేదు. జాన్ ఇన్స్ సెంటర్‌కే చెందిన టోనీ వర్లాండ్, ఈ జన్యువున్న క్రోమోసోములో మాత్రమే తేడా ఉన్న గోధుమ వరుసలను వేర్వేరు దేశాలలో పెంచి చూసినప్పుడు, దక్షిణ ఐరోపాలో దిగుబడిని బాగా పెంచిన ఈ రూపం, ఇంగ్లండు చల్లని తడి వేసవులలో లాభమివ్వలేదు. అక్కడ వేసవి నిదానంగా సాగుతుంది, కనుక తొందరపడిన మొక్క ఆ వేసవి చివరి వెలుగును వదులుకొంటుంది. పైగా వెన్ను త్వరగా రూపుదిద్దుకోవడంవల్ల దాని మీద ఏర్పడే అల్పకంకుల సంఖ్య తగ్గుతుంది, వసంతపు ఆఖరి మంచు పూత మీద పడే ప్రమాదమూ పెరుగుతుంది. ఇప్పుడు నారు దశలోనే ఆకు ముక్క తీసుకొని, డీఎన్ఏలో ఆ 2,089 క్షార జంటలు ఉన్నాయో లేవో పరీక్షిస్తున్నారు. అవి లేవని తేలిన మొక్కను లుధియానాకు పనికివచ్చే రకం కోసం చూసే ప్రజననకారుడు ఉంచుకొంటాడు, ఉత్తర ఐరోపాకు రకాన్ని తయారుచేసేవాడు సాధారణంగా పక్కన పెడతాడు.