తోకకు పన్ను

కారు డిజైనర్ చేతిలో పెన్సిల్ ఉండాలి. మన దేశంలో మాత్రం టేపు ఉంటుంది. 2006 బడ్జెట్‌లో అప్పటి ఆర్థిక మంత్రి చిదంబరం గారు నాలుగు మీటర్లు దాటని, చిన్న ఇంజిన్ ఉన్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. సామాన్యుడికి కారు అందాలన్నది ఆశయం. ముందుగా అందింది కంపెనీలకు, అదీ కత్తెర! 4,160 మిల్లీమీటర్ల స్విఫ్ట్ డిజైర్ 2012లో 3,995కి కుదించుకుంది. తలప్రాణం తోకకు రావడం విన్నాం. పాపం, దీనికి తోకే పోయింది. తర్వాత వచ్చిన ఎకోస్పోర్ట్ 3,999 దగ్గర ఊపిరి బిగబట్టి నిలబడింది.

సుంకం పోయి జీఎస్టీ వచ్చినా ఆ నాలుగు మీటర్ల గీత చెరగలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు ఇటు 18 శాతం, అటు 40. అంటే బంపర్ ఒక్క మిల్లీమీటర్ ముందుకొస్తే 22 శాతం వడ్డన. బంగారం కొట్టువాడు కూడా ఇంత సన్నంగా తూచడు. బ్యాటరీ కారైతే ఎంత పొడవున్నా, ఎన్ని కోట్లదైనా 5 శాతమే. ఆల్టో కొన్నవాడు 18 కడుతూ దానికి దారివ్వాలి, హారన్ కొట్టకముందే.

సంక్రాంతికి ఊరెళ్లినవాళ్ల సామాను మాత్రం ఏ శ్లాబుకూ లొంగదు. బియ్యం బస్తా, అరిసెల డబ్బా, అత్తగారి ఆవకాయ జాడీ... డిక్కీలో పట్టనివన్నీ కారు నెత్తికెక్కుతాయి. ఎత్తుకు ఇంకా పన్ను వేయలేదు. జీఎస్టీ మండలి వారూ, దయచేసి పైకి చూడకండి.