ధూల్‌పేట్ మీదుగా ప్రయోగశాలకు: యువ శాస్త్రవేత్తలకు కొన్ని తలకిందుల సలహాలు

మొదటి సలహాకే మీ గైడ్‌కు కోపం రావచ్చు. చేరిన మొదటి ఆరు నెలలు పిపెట్ ముట్టుకోకండి. ఆటిజం, మేధో వైకల్యం, మూర్ఛ, సెరిబ్రల్ పాల్సీ, మాట ఆలస్యం లాంటి మెదడు ఎదుగుదల సమస్యలకు రేపు చికిత్సగా మారే పరిశోధన చెయ్యాలనుకునేవాళ్లు హైదరాబాద్ హబ్సిగూడలోని పరిశోధన సంస్థ సీసీఎంబీ గేటు దాటకముందే అదే నగరంలోని ధూల్‌పేట్ బస్తీకి రావాలి. ఒకరోజు ఫీల్డ్ విజిట్ చాలదు. ఆశా కార్యకర్త వెంట రోజూ తిరగాలి.

జన్యువుల జాబితా తర్వాత చదవవచ్చు, ముందు ప్రసూతి కాగితాలు చదవండి. దేశంలో అయిదు చోట్ల 2 నుంచి 9 ఏళ్ల పిల్లలు 3,964 మందిని పరీక్షించిన అధ్యయనం 2018లో వచ్చింది. ఆ అయిదు చోట్లలో హైదరాబాద్ ఒకటి. దాదాపు ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి ఇలాంటి సమస్య ఏదో ఒకటి ఉందని అందులో తేలింది. దానితో ముడిపడి కనిపించినవి ఏమిటో చూడండి: పుట్టగానే ఏడవకపోవడం, ఇంట్లో కాన్పు, తక్కువ బరువు, పసితనంలో జబ్బు, మెదడుకు ఇన్ఫెక్షన్, ఎత్తు ఎదగకపోవడం. వీటిలో చాలావాటికి కొత్త మందు కనిపెట్టాల్సిన పనిలేదు. ఈ సంగతి మొదటి ఏడాదిలో తెలిసినవాళ్లు జన్యువు దగ్గరకు వెళ్లినా మెరుగైన ప్రశ్నతో వెళతారు.

ఎలుక నమూనా తయారుచేసే ముందు ఒక్క రక్తపు చుక్క వెంట నడవండి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువుల మడమ నుంచి రక్తం తీసి పరీక్షించారు, ఫలితాలు 2004లో వచ్చాయి. 1,700 మందిలో ఒకరికి పుట్టుకతోనే థైరాయిడ్ లోపం కనిపించింది. మొదటి వారాల్లోనే థైరాక్సిన్ మాత్ర మొదలుపెడితే ఆ బిడ్డ అందరిలాగే బడికి పోతుంది. ఆలస్యమైతే మెదడుకు జరిగిన నష్టాన్ని ఆ మాత్రే తిరిగి పూడ్చలేదు. చుక్కకూ మాత్రకూ మధ్య ఏమేం జరగాలో లెక్కపెట్టండి: నమూనా ల్యాబ్‌కు చేరాలి, రిపోర్టు రావాలి, ఎవరో తల్లికి ఫోన్ చెయ్యాలి, ఆ నంబర్ ఇంకా పనిచేస్తూ ఉండాలి, పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లిన బాలింతను వెతికి పట్టుకోవాలి. ఆ ఫోన్ చేసే పని కొత్తగా చేరిన పరిశోధకుడికే అప్పగించాలని నా అభిప్రాయం. ఇది గుమాస్తా పని కాదు. పరిశోధనను చికిత్సగా మార్చే ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్‌లో ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రానివాళ్లను జాబితా నుంచి కొట్టెయ్యకండి. ధూల్‌పేట్‌లో వినాయక చవితికి ముందు నెలల్లో ఇంటిల్లిపాదీ విగ్రహాల పనిలో ఉంటుంది. రాఖీలకు ఒక కాలం, సంక్రాంతి గాలిపటాలకు మరో కాలం. ఆ రోజుల్లో బోయినపల్లిలోని మేధో వైకల్యాల జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీకి రమ్మంటే తల్లి రాదు. బిడ్డ మీద ప్రేమలేక కాదు, ఏడాది సంపాదనలో చాలా భాగం ఆ కాలాల్లోనే రావాలి. మీ పట్టికలో ‘ఫాలోఅప్‌కు రాలేదు’ అని ఒక అంకె పడుతుంది, చికిత్స పనిచెయ్యలేదని తప్పుడు నిర్ధారణా పుడుతుంది. రాకపోవడానికి కారణాన్ని కూడా డేటాగా రాసుకోండి. థెరపీ తేదీలు మీ సెమిస్టర్‌ను బట్టి కాకుండా వాళ్ల పనికాలాన్ని బట్టి పెట్టండి.

ధూల్‌పేట్ పేరు వినగానే మీకు తట్టే పరికల్పనను చివరికి నెట్టండి. గుడుంబా గురించే కదా! గర్భంలో మద్యం ప్రభావం నిజమైన శాస్త్రీయ ప్రశ్నే, కాదనను. కానీ గుడుంబా పేరుతో దశాబ్దాలపాటు పోలీసు దాడులు చూసిన ఇంట్లో మొదటి ప్రశ్నగా అది అడిగితే, తర్వాత ఆ తల్లి చెప్పే ఏ జవాబునూ నమ్మలేరు. మేనరికం విషయంలోనూ అంతే. పాఠ్యపుస్తకంలో తెలుగునాడు అనగానే మేనరికం ఉంటుంది. ఇక్కడి లోధ్ కుటుంబాల పూర్వీకులు ఉత్తరాది నుంచి వచ్చారు, అక్కడి హిందూ కుటుంబాల్లో ఆ ఆనవాయితీ లేదు. పక్క వీధిలో ఉండవచ్చు. ఊహించకుండా అడిగి వంశవృక్షం గీయండి. అడిగేటప్పుడు తల్లి మీద నింద పడకూడదు.

రంగుల సంగతి కూడా ఉంది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, ఇళ్లకు వేసే పెయింట్లలో 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబర్ నుంచి అమల్లో ఉంది. విగ్రహాలకు రంగులద్దే ఇళ్లలో పిల్లల రక్తం పరీక్షించాలని మీకు అనిపించడం సహజం, మంచిదే. అయితే సీసం ఎక్కువుందని తేలితే ఆ కుటుంబానికి ఏం చేస్తారో ముందే రాసిపెట్టలేకపోతే సూది తీయకండి.

విఫలమైన ప్రయోగాలను గెలిచినవాటికంటే ముందు చదవండి. మేధో వైకల్యానికి దారితీసే ఫ్రాజైల్ ఎక్స్ సమస్య జన్యువు 1991లో దొరికింది. ఆ సమస్యకు మెదడులోని ఎంగ్లూర్ గ్రాహకాలతో ముడిపెట్టిన సిద్ధాంతం 2004లో వచ్చింది, ఎలుకల్లో ఫలితాలు అద్భుతంగా కనిపించాయి. ఆ దారిలో వచ్చిన మందుల్లో ఆర్బాక్లోఫెన్ ప్రయోగాలు మనుషుల్లో 2013లో ఆగిపోయాయి, మావోగ్లూరాంట్‌వి 2014లో ఆగిపోయాయి. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది మందు ఓడిపోవడం కాదు. ఆర్బాక్లోఫెన్ ఆపేసినప్పుడు, మా పిల్లల్లో మార్పు కనిపించింది, ఆపొద్దని కొందరు తల్లిదండ్రులు వేడుకున్నారు. అది వాళ్ల ఆశ కావచ్చు, నిజమైన మార్పును ఆ కొలమానం పట్టలేకపోయి ఉండవచ్చు. తేల్చిచెప్పగల కొలత చేతిలో లేదు. అందుకే అణువు ఎంచుకునే ముందు కొలత ఎంచుకోండి. వచ్చే ఏడాదికి బిడ్డలో ఏం మారాలనుకుంటున్నావని తల్లిని అడగండి. రాత్రి నిద్రపోవాలి, రోడ్డు మీదకు పరుగెత్తకూడదు, దొడ్డికి వస్తే చెప్పాలి అంటుంది. వీటిని నమ్మకంగా కొలిచే పద్ధతి తయారుచేస్తే అదే ఒక పీహెచ్‌డీ.

కొలతల్లో మనకు ఇంటి ఉదాహరణే ఉంది. ఆటిజం నిర్ధారణకు 40 అంశాల ఐసా స్కేల్‌ను 2009లో తెచ్చింది మన సికింద్రాబాద్ సంస్థే, ఇప్పటి ఎన్‌ఐఈపీఐడీ. దాన్ని గౌరవించండి, గౌరవిస్తూనే ధూల్‌పేట్‌లో పరీక్షించండి. మొదటి అంశం కళ్లలో కళ్లు పెట్టి చూడకపోవడం గురించి. పెద్దల ముందు తల దించుకోమని నేర్పిన ఇంటి ఆడపిల్లకు మార్కు ఎలా వేస్తారు? ఒక గుమ్మంలో తెలుగు, పక్క గుమ్మంలో దక్కనీ, ఆ పై గుమ్మంలో లోధ్‌ల హిందీ. అనువాదం అచ్చు వేయించడంతో పని అయిపోదు. మూడు గుమ్మాల్లోనూ కూర్చుని ప్రతి అంశాన్నీ తల్లులతో మాట్లాడి చూడాలి.

చివరి సలహా డబ్బు గురించి. మీ థీసిస్ కమిటీలో మెదడు ఎదుగుదల సమస్య ఉన్న బిడ్డ తల్లి ఒకరిని పెట్టుకోండి. సమావేశానికి వచ్చిన ప్రతిసారీ ఆమె పోగొట్టుకున్న కూలి, ఆటో ఖర్చు, బిడ్డను చూసుకునే మనిషి ఖర్చు గ్రాంట్ నుంచే ఇవ్వండి. ఫెలోషిప్ దరఖాస్తు బడ్జెట్‌లో రీయేజెంట్ల కంటే ముందు ఈ పద్దు రాయండి. ఎవరైనా కొట్టేస్తే, కారణం కాగితం మీద రాసిమ్మని అడగండి.