కొందమా నాన్నరో: గరాచర్మీయ వ్యాఖ్య

మూలం (ఆటవెలది)

కొత్త టాబు వచ్చె కొందమా నాన్నరో
ఓడ కదలు మున్నె యొక్క మాట
చెప్పకున్న రేటు చేజారి పోవును
చదువు కొరకె గాని సరద కాదు

అవతారిక: దక్షిణ అండమాన్‌లో, 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్ అనీ ఆ తర్వాత శ్రీ విజయపురం అనీ వ్యవహరింపబడుతున్న నగరానికి చేరువలో గరాచర్మ అనే ఊరు కలదు. 2011 జనాభా లెక్కల్లో ఈ ద్వీపాలలో వందకు పదమూడు మంది మాతృభాష తెలుగు. అట్టి తెలుగు ఇంట, పన్నెండో తరగతి చదువుతున్న కుమారుడొకడు హార్బరులో డ్యూటీలో ఉన్న తండ్రికి ఈ పద్యాన్ని వాట్సాప్‌లో నివేదించాడు. మేనమామ విశాఖలో ఉన్నాడు. ఎల్లుండి ఓడెక్కుతాడు. వచనంలో అడిగితే తండ్రి మొదటి ముక్కకే వద్దంటాడనీ, పద్యంలో అడిగితే పాదాలు ముగిసేదాకా ఆగుతాడనీ కవి ఎత్తుగడ. మన మెదకు సీమవాడైన కొలాచల మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఈ వ్యాఖ్యాత ఒట్టులో మొదటి సగానికి మాత్రమే కట్టుబడినవాడు.

ప్రతిపదార్థం: కొత్త = నిన్నగాక మొన్న విడుదలైన; టాబు = పలకవంటి కంప్యూటరు; వచ్చె = విశాఖ దుకాణాలలోకి వచ్చినది (గరాచర్మకు రాలేదని భావం); కొందమా = నీవు కొని నాకు ఇత్తువా (క్రియ బహువచనం, చెల్లించేవాడు ఏకవచనం); నాన్నరో = ఓ తండ్రీ. ఇంట్లో పిలుపు ‘నాన్నా’ మాత్రమే. ‘రో’ గణం నింపడానికి వచ్చింది కనుక అమర్యాదగా తీసుకోరాదు. ‘ట్యాబు’ అని పాఠాంతరం ఉంది. పలకడానికి అదే సహజమైనా, సంయుక్తాక్షరానికి జడిసి కవి దాన్ని వదిలాడు.

‘కొత్త’ అన్న విశేషణం సాభిప్రాయం. అయితే కొత్తదనానికి ఆయువెంత? 2010 ఏప్రిల్‌లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన మొదటి ఐప్యాడ్ మన దేశపు దుకాణాలకు చేరింది 2011 జనవరి చివర్లో. మార్చి 2న ఐప్యాడ్ 2 ప్రకటన వెలువడింది. అంటే తొలిరోజు పరుగెత్తి కొన్న భారతీయుడి టాబు అయిదు వారాలకే పాతబడింది. సముద్రానికి ఇవతల ఉన్నవారికి ఈ లెక్క మరింత బిగువు. పెట్టె విప్పేసరికే వస్తువుకు కొంత వయసొస్తుంది.

‘టాబు’ అనగా ఏ టాబు? సిమ్ వేసుకునేదా, వైఫై మాత్రమేనా? కవి చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఉంది: సిమ్ ఉన్నదానికి ధర ఎక్కువ. వైఫైదే అడిగితే ‘ఇంట్లో వైఫై ఏదిరా’ అన్న ఆక్షేపం వస్తుంది. అమ్మ ఫోను హాట్‌స్పాట్‌గా మారుతుందన్నది కవి గుండెలో దాచుకున్న సమాధానం. అమ్మకు ఇంకా తెలియదు.

ఇక్కడ కొంచెం చరిత్ర అవసరం. చాలాకాలం ఈ ద్వీపాలకు ఇంటర్నెట్ ఉపగ్రహం మీదుగానే దిగేది. వీడియో పాఠం తెరిస్తే మాస్టారు నోరు తెరిచిన భంగిమలో నిలిచిపోయేవారు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన జరిగి, 2020 ఆగస్టు 10న చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైంది. దాదాపు 2,300 కిలోమీటర్ల తీగ, రూ. 1,224 కోట్ల ఖర్చు. కనుక ‘ద్వీపంలో టాబు దండగ’ అనే పూర్వపక్షం 2020కి ముందు కాలానికి చెల్లుతుంది. ఆ వాదాన్ని నేటికీ వినిపించే పెద్దలు రాత్రి తొమ్మిదింటికి సీరియల్ ఎందులో చూస్తున్నారో గమనించవలెను.

‘ఓడ కదలు మున్నె’: పద్యమంతటికీ కీలకం ఇదే. కవి తొందర కోసం వాడాడు గానీ, తండ్రి తీర్పు ఇక్కడే తేలవలసి ఉంది. విశాఖ నుంచి సముద్రమార్గం దాదాపు 1,200 కిలోమీటర్లు. ఓడ ఎప్పుడు పడితే అప్పుడు లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించరాదా అంటే, లిథియం బ్యాటరీ ఉన్న సరుకును విమానంలో పంపడానికి ప్రమాదకర వస్తువుల నియమాలు వర్తిస్తాయి. 744తో మొదలయ్యే పిన్‌కోడ్ కొట్టగానే కొన్ని వస్తువులకు ‘ఈ చిరునామాకు పంపలేము’ అని ఎర్రక్షరాలు వస్తాయి. ప్రయాణికుడు చేతిసంచిలో పెట్టుకుని విమానమెక్కవచ్చు, అభ్యంతరం లేదు. మామయ్యకు టికెట్టు ధరే అభ్యంతరం.

సరే, ఓడలో వచ్చిందనుకుందాం. పగిలితే? టాబు కొన్నవాడు ఆలోచించవలసినవి దాని లోపలి సద్గుణాలు కావు. ఎనిమిది జీబీ ర్యామ్, నూట ఇరవై హెర్ట్జ్ తెర, పదకొండు అంగుళాలు, ఇవన్నీ నాయకుని ధీరోదాత్త లక్షణాలవంటివి, పద్యం వినడానికి బాగుంటాయి. అద్దం పగిలిన మర్నాడు నగరంలోని అబర్డీన్ బజారులో రిపేరు చేసే అబ్బాయి చేతిలో దాని అద్దం ఉన్నదా లేదా అన్నదే గృహస్థుకు ప్రశ్న. నిన్న విడుదలైనదానికి విడిభాగాలు చెన్నైలోనే ఇంకా దొరకవు, ఇక్కడికెప్పుడు వచ్చేను? నిరుడు వచ్చిన మోడలుకైతే అద్దం, కవరు, చార్జింగు పిన్ను అన్నీ ఈపాటికి ఓడ దిగి ఉంటాయి. ఉప్పుగాలికి పిన్నులు తుప్పుపట్టే ఊళ్లో ఈ వాదాన్ని తోసిపుచ్చలేం.

‘రేటు చేజారి పోవును’: ఇది అర్థాంతరన్యాసం కాదు, అమ్మకందారు మాట. పద్దెనిమిది శాతం జీఎస్‌టీ విశాఖలోనూ అంతే, ఇక్కడా అంతే. ఇక్కడ సగం వాటా పేరు యూటీజీఎస్‌టీ. రేటొక్కటే చూసి కొంటే ఏమవుతుందో 2011 అక్టోబరు 5న విడుదలైన ఆకాశ్ చెప్పింది. హైదరాబాదులో బిగించిన ఆ ఏడంగుళాల పలకను ప్రభుత్వం రూ. 2,276కు కొన్నది, పిల్లలకు రూ. 1,750కే ఇస్తామన్నది. 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. వేలితో నొక్కితే గానీ పలకని తెర. ఆశయం గొప్పది, తెర మొండిది.

‘చదువు కొరకె గాని సరద కాదు’: ‘సరదా’లో దీర్ఘం లోపించింది. సూర్యగణం కోసం కుదించాడు గానీ, వస్తుతః కవి సరదా దీర్ఘమే. ‘గాని’ అన్నప్పుడే సందేహం మొదలవుతుంది. అడగని నేరాన్ని ముందే కాదనడం అపరాధి లక్షణమని తండ్రులందరూ ఎరుగుదురు. అయినా పక్షపాతం లేకుండా చూద్దాం. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు పీడీఎఫ్‌లుగా ఉచితం. భౌతికశాస్త్రం పటాన్ని ఆరంగుళాల ఫోనులో చూడటం తాళపుచెవి రంధ్రంలోంచి పెళ్లి చూడటమే. పెద్ద తెర మీద పుట మొత్తం ఒక్కసారిగా కనిపిస్తుంది. దేశమంతటికీ ఒకే గడియారం కావడంతో తూర్పున ఉన్న గరాచర్మలో సాయంత్రం ఆరు కాకుండానే చీకటి. ఆ పొడవైన సాయంకాలం చదువుకూ పనికొస్తుంది, సరదాకూ పనికొస్తుంది. టాబు ఆ రెంటికీ తేడా ఎరుగదు.

కవి ఉపమాన ప్రమాణం కూడా పంపాడు, పద్యంలో చోటు చాలక విడి మెసేజీగా: ‘అక్కడ బావకి గవర్నమెంటే ఇచ్చింది’. నిజమే. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో మొదలుపెట్టి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు టాబులు పంచారు. కానీ ఊరకే వచ్చినదానికీ జీతంలోంచి కోసుకున్నదానికీ సాదృశ్యం కుదరదు కనుక ఉపమానం చెల్లదు. కీబోర్డు, పెన్ను విడిగా కొనాలన్న సంగతిపై కవి మౌనం వహించాడు. అది రెండో పద్యానికి వస్తువు కాబోలు.

తాత్పర్యం: టాబు కొనదగును, కొత్తది కొనదగదు. నిరుటిది, సిమ్‌తో కూడినది, మామయ్య సంచిలో బట్టల మధ్య.

తండ్రి ప్రత్యుత్తరం రాత్రి వచ్చింది, గద్యంలో: ‘మామయ్యని పాత మోడల్ రేటు అడగమను. పైన అతికించే గ్లాసులు రెండు తెమ్మను.’ వాచ్యంగా అనుమతి ఎక్కడా లేదు. కాని లేని టాబుకు గ్లాసు తెమ్మనడం యోగ్యత లేని వాక్యమవుతుంది కాబట్టి, టాబును లక్షణచేత గ్రహించాలి. రెండు అన్నందువల్ల, మొదటిది వారం తిరక్కుండా పగులుతుందని తండ్రికి ముందే తెలుసునని ధ్వని.